నొప్పి చెప్పుకొనుట నేరము కాదు



గత వేసవియందు ఒక వివాహమునకై మేము టెక్కలి పోయి, అటనుండి పలాస మీదుగా ఉద్దానపు పల్లె యొకదానియందు చుట్టముల యింట నాలుగు దినములు గడపితిమి. ఆ సీమను చూడని పాఠకురాండ్రకొఱకు రెండు మాటలు చెప్పుదుము. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, సముద్రతీరము వెంబడి, ఇసుకనేలలయందు కొబ్బరియు జీడిమామిడియు పనసయు కలసి పెరుగు ప్రదేశమది. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని వచ్చిన తిత్లీ తుపాను ఆ తోటలను చాలవఱకు నేలకూల్చెను. పలాసయందు జీడిపిక్కలను కాల్చి, కొట్టి, పప్పునకు పొట్టు తీయు కర్మాగారములు వందలకొలది కలవు. వానియందు పనిచేయువారిలో ఎక్కువమంది స్త్రీలే. పిక్క పెంకులోని నూనె చేతుల చర్మమును కాల్చును. ఆ చేతులను చూచినవారికి ఆ ప్రాంతపు స్త్రీల ఓర్పునుగూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఒక మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని ఆడువారమందఱము వసారాలో కూర్చుంటిమి. ఆ యింటి కోడలు ముప్పదియేండ్ల లోపుది. పెండ్లియై ఎనిమిది వత్సరములు గడచినను సంతానము కలుగలేదు. భర్త గుజరాతు తీరమున చేపల పడవలమీద పనిచేయుచు ఏటికి కొన్ని నెలలు మాత్రమే యింట నుండును. ఇరువురును కూడబెట్టిన సొమ్ముతో పట్టణమందలి యొక ఆసుపత్రికి పోయి ఐ.వి.ఎఫ్. చికిత్స చేయించుకొనిరట. ఆ ప్రయత్నము ఫలింపలేదు. దానినిగూర్చి ఆమె అంతగా విచారింపలేదు గాని, అండములు తీసిననాటి సంగతి చెప్పునప్పుడు మాత్రము గొంతు తగ్గించెను.

"పిన్నీ, మత్తు ఇస్తాం, నీకేమీ తెలీదు అన్నారు. నిద్ర పట్టినట్టే ఉంది. మధ్యలో సూది లోపల కదులుతున్నట్టు తెలిసిపోయింది. అరిచాను. కదలకమ్మా, అయిపోవచ్చింది, ఓర్చుకో అన్నారు. ఆ తర్వాత అయిదు రోజులు నొప్పి తగ్గక, ఊళ్లో మందులకొట్లో బిళ్లలు కొనుక్కుని మింగాను."

ప్రక్కను కూర్చున్న అత్తగారు నిట్టూర్చి, "ఏటి సేస్తామమ్మా, ఆడజన్మెత్తినాక ఓర్సుకోవాలి గదా" అనెను. ఆమె మాటలో నిష్ఠురత్వము లేదు. తాను జీవితమంతయు నేర్చిన పాఠమునే కోడలికి చెప్పినది. కాని ఆ కోడలి తండ్రి మూత్రపిండముల వ్యాధితో రెండేండ్లుగా రక్తశుద్ధి చేయించుకొనుచున్నాడనియు, ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరును అడుగలేదనియు, ఆమెయు చెప్పలేదనియు తెలిసినప్పుడు మాకు గుండె జల్లుమన్నది. ఈ మాసపు మా ప్రసంగమునకు ఆ మధ్యాహ్నమే కారణము.

మొదట అండసేకరణమననేమో తెలిసికొందము. స్త్రీకి ప్రతి మాసమును సామాన్యముగా ఒక్క అండమే పక్వమగును. ఈ చికిత్సయందు పది పండ్రెండు దినములపాటు ఇంజెక్షనులిచ్చి, పెక్కు అండములు ఒక్కమారే పక్వమగునట్లు చేయుదురు. స్కానుతో వాని పెరుగుదలను చూచుచుందురు. అవి సిద్ధమైన పిమ్మట గడియారము చూచి చివరి ఇంజెక్షనునిచ్చి, 34 మొదలు 36 గంటలు గడచిన పిదప వానిని వెలికి తీయుదురు. ఆసుపత్రులయందు దీనినే ఎగ్ పికప్ అందురు. యోనిమార్గమున స్కాను కడ్డీనుంచి, దానివెంట సన్నని పొడవైన సూదిని పోనిచ్చి, యోనిగోడగుండ అండాశయమును చేర్చి, అందలి నీటితిత్తుల నొక్కొక్కదానిని పీల్చుదురు. ఆ నీటిని నిపుణులు సూక్ష్మదర్శినితో పరీక్షించి అండములను ఏరుదురు. పని అరగంటలోపల ముగియును. కడుపుపై కోత లేదు, కుట్లు లేవు.

ఈ పద్ధతి మొదటినుండి యిట్లు లేదు. 1978 జూలై 25వ తేదీని ఇంగ్లండునందు లూయీ బ్రౌను అను తొలి పరీక్షనాళికా శిశువు జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీని కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషివలన దుర్గ యను శిశువు పుట్టెను. లూయీ తల్లికి అండమును తీయుటకు కడుపుపై చిన్నగంటు పెట్టి గొట్టమును పంపవలసివచ్చినది. అందులకు పూర్తి మత్తునిచ్చిరి. తరువాతి దశాబ్దమున స్కాను సాయముతో సూదిమార్గము వచ్చుటచే కోత తప్పినది. కోత తప్పినందున ఇది "చిన్నపని" యను పేరు పడినది. చిన్నపని యనుట వైద్యుని పనినిగూర్చి నిజమే. కాని సూది యోనిగోడను చీల్చునప్పుడును, అండాశయపు పైపొరను గ్రుచ్చునప్పుడును కలుగు నొప్పి చిన్నది కానక్కఱలేదు. తిత్తులు ఎక్కువగా నున్నవారికిని, గర్భాశయపు లోపొర వెలుపల పెరుగు వ్యాధి యున్నవారికిని ఆ నొప్పి మఱింత యెక్కువ కావచ్చును. ఒకరికి గిల్లినట్లుండునది వేఱొకరికి భరింపరానిదగును. అందుచేత ప్రక్కయింటామె "నాకేమీ తెలియలేదు" అన్నంతమాత్రమున మనకును తెలియదనుకొనరాదు, ఆమె అబద్ధమాడినదనియు అనుకొనరాదు.

ఇక నొప్పి తెలియకుండుటకు చేయు ఉపాయములు. ఇచ్చట మన స్త్రీలు ఒక భేదమును తెలిసికొనవలెను. నిద్రపోవుట వేఱు, మఱచిపోవుట వేఱు, నొప్పి లేకుండుట వేఱు. ప్రొపోఫాలు అను పాలవంటి తెల్లని మందు నిద్రపుచ్చును, కాని అది తనంతట నొప్పిని చంపు మందు కాదు. మిడజొలాము అను మందు భయమును తగ్గించి, జరిగినదానిని మఱపించును, నొప్పిని మాన్పదు. ఫెంటనిలు అను మందు నొప్పిని తగ్గించును, కాని మోతాదు మీరినచో ఊపిరి మందగించును. అందుచేత వీనిని కలిపి, మనిషి బరువును ఆరోగ్యమును చూచి, తూచినట్లు ఇయ్యవలెను. ఊపిరిని, నాడిని, రక్తమందలి ప్రాణవాయువును ఎడతెగక చూచుచుండవలెను. ఇది మత్తువైద్యుని విద్య.

ఈ మందులతో పూర్తిగా స్పృహ తప్పించుట ఒక పద్ధతి. మగతలో నుంచి, పిలిచిన పలుకునట్లు చేయుట రెండవ పద్ధతి. గర్భాశయముఖమునకు ఇరుప్రక్కల లిగ్నొకేను ఇంజెక్షనునిచ్చి ఆ భాగమును మాత్రము మొద్దుబార్చుట మూడవది. బ్రిటనునందు నైస్ యను ప్రభుత్వసంస్థవారు 2013లో ప్రకటించిన నియమములలో, అండసేకరణము చేయించుకొను స్త్రీకి మగతపద్ధతిని ఇయ్యజూపవలెనని వ్రాసిరి. 2018లో కాక్రేను సంస్థవారు 24 పరిశోధనలను, అందు పాల్గొన్న 3160 మంది స్త్రీల ఫలితములను ఒకచోట చేర్చి చూచిరి. ఏ యొక్క పద్ధతియు తక్కినవానికంటె స్పష్టముగా మేలని తేలలేదు. అయితే ఒకే ఉపాయమును నమ్ముకొనుటకంటె రెండింటిని కలిపినచో, అనగా మగతతో పాటు మొద్దుబార్చు ఇంజెక్షను వంటిదానిని చేర్చినచో, నొప్పి తక్కువగా నుండునని తేలినది. కావున "ఈ మందే కావలె"నని మనము పట్టుపట్టుట తగదు. "ఇది చాలనియెడల రెండవది యేమి ఇత్తురు?" అని అడుగుట మాత్రము మిక్కిలి తగును.

అడిగినను, చెప్పినను వినువారుండవలెను గదా! వినకపోవుటచే నేమి జరుగునో అమెరికాలో జరిగిన యొక యుదంతము తెలుపును. కనెక్టికటు రాష్ట్రమందలి యేల్ విశ్వవిద్యాలయపు సంతానచికిత్సాలయమున 2020వ సంవత్సరమున పలువురు స్త్రీలు అండసేకరణ సమయమున దుర్భరమైన బాధ పడిరి. మత్తుమందు పనిచేయుటలేదని చెప్పిరి, కొందఱు కేకలు వేసిరి. ఈయదగినంత మందు నిచ్చితిమనియే వారికి బదులు వచ్చెను. నిజమేమనగా, అచ్చటి నర్సు యొకతె మందునకు బానిసయై, సీసాలలోని ఫెంటనిలును దొంగిలించి, వానిని ఉప్పునీటితో నింపి మరల పెట్టుచుండెను. నొప్పిమందు అనుకొని వైద్యులు ఎక్కించినది చాలసార్లు ఉప్పునీరే! ఆమెకు 2021లో నాలుగు వారాంతముల చెఱయు, మూడు నెలల గృహనిర్బంధమును శిక్షగా పడినవి. విశ్వవిద్యాలయమువారు 2022లో ప్రభుత్వమునకు మూడులక్షల యెనిమిదివేల డాలర్లకు పైగా చెల్లించి ఆ వ్యవహారమును పరిష్కరించుకొనిరి. 2023లో ఆ స్త్రీల కథనములు రేడియో ప్రసంగములవలె ధారావాహికగా వెలువడి లోకమునకు తెలిసినవి.

ఇట్టి దొంగతనము అన్నిచోట్ల జరుగుచున్నదని మేము చెప్పుటలేదు. అట్టి భయముతో ఎవరును చికిత్స మానుకొనవలదు. మాకు ముఖ్యముగా తోచినది వేఱొకటి. ఒకరు కాదు, ఇరువురు కాదు, అంతమంది చదువుకొన్న స్త్రీలు, వారిలో వైద్యవిషయములెఱిగినవారుకూడ, "నొప్పిగా నున్నది" అని చెప్పినను, ఆ మాటను మందుసీసా పరీక్షించుటకు తగిన సాక్ష్యముగా ఎవరును ఎంచలేదు. అచ్చటనే యిట్లైనచో, మన పల్లెనుండి పోయి, ఆంగ్లమున అచ్చైన కాగితముమీద వ్రేలిముద్ర వేయు సోదరి మాటకు విలువ యెంత యుండును?

నొప్పిమాన్పు విద్య మన దేశమునకు క్రొత్తదికాదని చెప్పుటకు మేము గర్వించుచున్నాము. 1847లో స్కాట్లండునందు సింప్సను వైద్యుడు ప్రసవమున క్లోరోఫారమును వాడినప్పుడు, స్త్రీ నొప్పిపడి కనుటయే దైవశాసనమని కొందఱు ఆక్షేపించిరి. 1853లో విక్టోరియా రాణి తన ప్రసవమునందు దానిని పుచ్చుకొనుటతో ఆ ఆక్షేపణ చాలవఱకు అణగినది. ఆ మందు క్షేమమగునా కాదా యని తేల్చుటకు మన హైదరాబాదునందే, నిజాము ప్రభువు ధనసహాయముతో, డాక్టరు ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున 1888, 1889 సంవత్సరములలో రెండు పరిశోధన సంఘములు పనిచేసెను. వారి తీర్మానము తరువాత నిలువలేదు, క్లోరోఫారము కూడ నేడు వాడుకలో లేదు. కాని ఆ పరిశోధనలలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూంజీ యను పార్సీవనిత, 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరి చదివి, ఆ నగరపు ఆసుపత్రులలో అనేక సంవత్సరములు రోగులకు మత్తునిచ్చి, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని పేరొందినది. స్త్రీల నొప్పి తీర్చుటకు ఒక స్త్రీ మన గడ్డమీద అంతకాలము క్రిందటనే పూనుకొనగా, నేడు మనము ఓర్పు పేర నోరుమూసికొనుట న్యాయమా?

ఇప్పుడు ఉద్దానపు సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పవలసిన సంగతికి వచ్చుచున్నాము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము మండలములలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా కాపురములను కూల్చుచున్నది. దాని మూలకారణము నేటికిని శాస్త్రజ్ఞులకు నిర్ధారణము కాలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. ఈ వ్యాధి మొదటిదశలలో నొప్పి గాని వాపు గాని చూపక లోలోపల ముదురును. రక్తపరీక్షయందు క్రియాటినిను ఎంత యున్నదో చూచినగాని తెలియదు.

ఈ వ్యాధికిని నొప్పిబిళ్లలకును దగ్గఱి సంబంధము కలదు. మందులకొట్లలో ఒళ్లునొప్పులకు అడిగినవెంటనే ఇచ్చు డైక్లోఫినాకు, ఐబూప్రోఫెను, ఎసిక్లోఫినాకు వంటి బిళ్లలు మూత్రపిండములకు పోవు రక్తప్రవాహమును తగ్గించును. ఆరోగ్యవంతులకు ఒకటి రెండు దినములు వైద్యుని సలహాపై వాడిన సామాన్యముగా చెఱుపు లేదు. కాని మూత్రపిండములు ఇదివఱకే బలహీనమైనవారికి అవి మిక్కిలి హానిచేయును. అండసేకరణము తరువాతనైతే మఱియొక అపాయముకూడ కలదు. ఇంజెక్షనుల ప్రభావమున కొందఱికి అండాశయములు మితిమీరి ఉబ్బి, రక్తనాళములలోని నీరు కడుపులోనికి ఊరును. రక్తము చిక్కబడి మూత్రము తగ్గును. ఆ సమయమున ఈ బిళ్లలు మ్రింగుట మూత్రపిండములపై రెండు దెబ్బలు వేయుటయే. మా చుట్టముల కోడలు అయిదు దినములు మ్రింగినవి అట్టి బిళ్లలే.

కాబట్టి ఉద్దానము వారెవరైనను చికిత్స ప్రారంభింపకముందే, ఇంజెక్షనులు మొదలుపెట్టకముందే, క్రియాటినిను పరీక్షయు మూత్రపరీక్షయు చేయించుకొనవలెను. "మా ఊరు ఉద్దానము, మా యింట మూత్రపిండముల వ్యాధి యున్నది" అని అడుగకున్నను చెప్పవలెను. గర్భము ధరించుటయే మూత్రపిండములకు బరువైన పని గనుక, పరీక్షలో ఏ లోపము కనబడినను మొదట ఆ నిపుణుని కలిసి, పిదపనే సంతానచికిత్సకు పోవలెను. మత్తువైద్యునికి కూడ ఈ సంగతి తెలిసినచో మందుల యెన్నికయందు జాగ్రత్తపడును. అండసేకరణము తరువాత పారాసిటమాలు సామాన్యముగా మూత్రపిండములకు చెఱుపు తక్కువ చేయునది. దానినైనను వైద్యుడు చెప్పిన మోతాదు దాటరాదు. తక్కిన ఏ బిళ్లయైనను వైద్యునితో చెప్పక మ్రింగరాదు.

ఆసుపత్రికి పోవు సోదరి ముందుగా అడుగవలసిన ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని పోవుట మేలు. మొదటిది, నాకు ఏ పద్ధతిని మత్తు ఇత్తురు, నిద్రకు ఏమి, నొప్పికి ఏమి? రెండవది, మత్తునిచ్చునది ఎవరు, పని ముగియువఱకు నా ప్రక్కన నుందురా? అండసేకరణము చేయు చికిత్సాలయమున మత్తువైద్యుడుండవలెనని 2022వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి గనుక ఈ ప్రశ్నకు సంకోచింపనక్కఱలేదు. మూడవది, నడుమ నొప్పి తెలిసినచో నేనేమి చేయవలెను? చేయి యెత్తవలెనా, మాట చెప్పవలెనా? నేను చెప్పినప్పుడు ఆపుదురా? ఈ సంకేతమును ముందుగా నిశ్చయించుకొనుట ఎంతయు అవసరము. నాలుగవది, యింటికి పోయిన తరువాత నొప్పికి ఏ మందు, ఎన్ని దినములు? అయిదవది, రాత్రివేళ బాధ కలిగినచో ఎవరికి ఫోను చేయవలెను?

మనము దాచక చెప్పవలసినవియు కలవు. పూర్వము మత్తుమందు పడకపోవుట, ఉబ్బసము, గుండెజబ్బు, వాడుచున్న మందులు, పొగాకు అలవాటు, ఇవన్నియు చెప్పవలెను. చెప్పిన వేళనుండి అన్నము గాని, టీ గాని, కొబ్బరినీరు గాని పుచ్చుకొనరాదు. సామాన్యముగా ఆరు గంటలముందు ఆహారము, రెండు గంటలముందు నీరు మానుమందురు. "బిడ్డ నీరసించును" అని అత్తలు తల్లులు చాటుగా పాలు పట్టుదురు. మత్తులో నున్నప్పుడు అది పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడినచో ప్రాణాపాయము. ఈ యొక్క విషయమున ప్రేమకంటె నియమము గొప్పది.

పలాసనుండి విశాఖపట్టణము రెండువందల కిలోమీటర్లకు చేరువ. అండములు తీసినదినమే తిరుగుబండి యెక్కి, జనసమ్మర్దమున నిలువబడి వచ్చువారిని మేమెఱుగుదుము. మత్తు పూర్తిగా దిగుటకు ఒకదినము పట్టును. ఆ రాత్రి అక్కడనే చుట్టముల యింటనో, సత్రమునందో నుండుట క్షేమము. ఒకటి రెండు దినములు బహిష్టు నొప్పివంటి నొప్పియు, కొంచెము రక్తపుచారయు సహజములు. కాని నొప్పి తగ్గుటకు మాఱుగా పెరుగుచున్నను, కడుపు ఉబ్బి బిగిసినను, వాంతులు ఆగకున్నను, ఊపిరి ఆడకున్నను, మూత్రము తగ్గినను, జ్వరము వచ్చినను, రక్తము ఎక్కువగా పోయినను, కన్ను తిరిగినను ఓర్చుకొనరాదు. వెంటనే చికిత్స చేసినవారికి తెలిపి, దగ్గఱనున్న పెద్ద ఆసుపత్రికి పోవలెను. అచ్చట ఏ దినమున అండములు తీసిరో చెప్పి కాగితములు చూపవలెను. సిగ్గుచేత ఈ చికిత్స సంగతి దాచి, "కడుపునొప్పి" యని మాత్రము చెప్పినచో వైద్యుడు దారితప్పును.

తమకొఱకు కాక, ధనావసరముచే ఇతరులకు అండములిచ్చు పేదసోదరీమణులను మఱచుట తగదు. 2021వ సంవత్సరపు చట్టము ప్రకారము అండదాత 23 మొదలు 35 ఏండ్లలోపు వయస్సున నుండవలెను. జీవితమున ఒక్కమారే ఇయ్యవలెను. ఆమెనుండి ఏడింటికి మించి అండములు తీయరాదు. ఆమెకు భీమా చేయింపవలెను, అమ్మకము కొనుగోలు నిషిద్ధము. పుచ్చుకొను తల్లికి ఫలమున్నది, ఆశయున్నది. ఇచ్చునామెకు సూదియు నొప్పియే మిగులును. ఆమెకు తక్కువ మత్తు, తక్కువ విశ్రాంతి చాలునని యెంచుట అన్యాయము. సంతానము కోరు దంపతులు ఈ విషయమునుకూడ విచారించుట ధర్మము.

భర్తలకును అత్తలకును ఒక మాట. సంతానలేమికి కారణము పురుషునియందున్నను సూదులన్నియు స్త్రీకే. ఆమె నొప్పి యనినప్పుడు "కోరుకొన్నదేగదా" అనవలదు. కోరిన బిడ్డకొఱకు తల్లి ఎంతయైనను భరించునని ఎల్లరమును ఎఱుగుదుము. భరింపగలదు గనుక భరింపజేయుట వేఱుసంగతి. ఆసుపత్రిలో ఆమె మత్తులో నున్నప్పుడు ఆమె పక్షమున మాటలాడవలసినవారు మీరే. వైద్యులయందు మాకు అపనమ్మకము లేదు. తలుపు చాటున నున్న పనుల యొత్తిడిలో ఒక కేకను "భయము" అని కొట్టివేయుట సులభము. అడుగువారుండిన, ఆగి చూచువారును ఉందురు.

మేము తిరిగివచ్చిన కొన్నినెలలకు ఆ కోడలు మాకు జాబు వ్రాసెను. పలాసయందు రక్తపరీక్ష చేయించుకొన్నదట. క్రియాటినిను ప్రస్తుతము హద్దులోపల నున్నదట. రెండవ ప్రయత్నమునకు పోవుటకు ముందు మత్తువైద్యునితో మాటలాడుటకు వేఱుగా వేళ అడిగి పుచ్చుకొన్నారట. "మా అత్తయ్యే అడిగింది పిన్నీ, ఈసారి మా పిల్లకి నొప్పి తెలిస్తే మీరేటి సేస్తారు బాబూ అని" అని వ్రాసెను. ఫలము భగవంతుని చేతిలోనిది. ఆ ప్రశ్న మాత్రము మన చేతిలోనిది. ఈ పుటను చదివిన సోదరీమణులు తమ యింటనో ప్రక్కయింటనో ఇట్టి చికిత్సకు పోవువారుండినచో, వారికి దీనిని చదివి వినిపింతురుగాక.